పొరుగుధర్మము

ఒక యూర ప్రక్కప్రక్కన ఇండ్లు కట్టుకొని నూరేండ్లు బ్రదికినంత మాత్రమున మనుష్యులు పొరుగువారగుదురా? ఈ ప్రశ్న వినుటకు వింతగా నుండవచ్చును. ప్రక్కవాడు పొరుగువాడు కాక మరేమగునని చదువరులు నవ్వవచ్చును. కాని వారు ఒక్కసారి తమ యూరిని తలచుకొని, దాని వెలివాడలను, దాని తండాలను, దాని గనులచెంత రేకులు కప్పిన కొట్టములను కన్నులకు దెచ్చుకొని, అచట బ్రదుకువారి పేర్లలో ఎన్ని తమకు దెలియునో లెక్కించుకొందురుగాక. అప్పుడా నవ్వు నిలువదు. మేమును అట్లే లెక్కించుకొని సిగ్గుపడితిమి. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

సికిందరాబాదునుండి వాడికి బోవు రైలుమార్గము 1874వ సంవత్సరమున తెరువబడినది. ఆ మార్గమున పడమరగా బోవువారికి మొదట వికారాబాదును, పిదప తాండూరును తగులును. పైగా వంశీయుడును, నిజాము రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండినవాడును అగు వికారుల్ ఉమ్రా పేరుమీద వికారాబాదునకు ఆ పేరు వచ్చినది. దాని ప్రక్కనున్న అనంతగిరి కొండలలో పుట్టి మూసీనది తూర్పుగా హైదరాబాదునకు బోవుచున్నది. ఆ కొండలలోనే పుట్టి కాగ్నానది తాండూరుమీదుగా పడమరకు సాగి భీమలో కలియుచున్నది. తాండూరు సంతలో ఒక గడియ నిలిచినచో తెలుగును, కన్నడమును, దక్కనీ ఉర్దూయు, మార్వాడీయు, లంబాడీల గోర్‌బోలీయు చెవినిబడును. కందులు కొనువాడొక భాషలో బేరమాడును, అమ్మువాడు వేరొక భాషలో బదులు చెప్పును, బేరము మాత్రము తెగును. భావిగి భద్రేశ్వరుని జాతరకు బండ్లు కట్టుకొని వచ్చువారిని నీ మాతృభాష ఏదియని ఎవ్వరును అడుగరు.

ఇట్టి చోట స్థానికుడెవడు, వలసవచ్చినవాడెవడు అను ప్రశ్న అంత సులభముగా తెమలునది కాదు. 1956 నవంబరు 1వ తేదీవరకు తాండూరు, కొడంగలు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివి. భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు అవి తెలుగు రాష్ట్రమున చేర్పబడినవి. గుల్బర్గా జిల్లాలో మిగిలినది మైసూరు రాష్ట్రమునకు బోయినది. ఆ రాత్రి ఎవ్వరును ఇల్లు కదలలేదు, కదలినది గీత. నిన్నటివరకు తన జిల్లాలో పెక్కురిలో ఒకడుగానున్న కన్నడిగుడు, తెల్లవారునప్పటికి పరభాషా రాష్ట్రములో కొద్దిమందిలో ఒకడయ్యెను. 2016 అక్టోబరు 11న వికారాబాదు ప్రత్యేకజిల్లాయైనప్పుడు మరల గీతలు మారినవి. గీతలు గీయుట పరిపాలనకు అవసరమే. దానిని మేము తప్పుపట్టము. కాని ఒక గీతకు ఈవల పుట్టుటచేత ఒకనికి ఊరిమీద హక్కును, ఆవల పుట్టుటచేత మరియొకనికి ఋణమును కలుగునని నమ్ముట మాత్రము బుద్ధికి నిలుచునది కాదు.

ఈ ప్రాంతమున వలసవచ్చినవారని అందరును వ్రేలుచూపునది లంబాడీలను. వారి చరిత్ర మనమెరుగనిది కాదు, ఎరిగియు తలపనిది. వెనుకటి కాలమున ఎద్దులమీద ధాన్యమును, ఉప్పును వేసికొని ఉత్తరదేశమునుండి దక్కనునకును, సముద్రతీరమునుండి లోనాడులకును తిరిగిన వర్తకులు వారు. మొగలు సైన్యములు దక్షిణమునకు దిగివచ్చినప్పుడు వానికి గ్రాసమందించినది వారి బిడారులే. దారిలేని చోట దారి వారిది. కరవువచ్చిన సీమలో గింజ వారు తెచ్చినది. హైదరాబాదున నేడు ధనికులు మేడలు కట్టుకొన్న బంజారాహిల్సు వారి పేరు మోయుచున్నది. ఆ పేరుగలవారు మాత్రము ఆ మేడలలో కానరారు.

అట్టివారి బ్రదుకును మార్చినవానిలో మొదటిది రైలు. ఒక రైలుబండి మోయు సరకును మోయుటకు ఎన్ని ఎద్దులు కావలయునో, ఎన్ని దినములు పట్టునో ఎవరికివారే లెక్కించుకొనవచ్చును. ఎద్దుబిడారు ఇక చెల్లని నాణెమైనది. అంతటితో పోక, 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టము దేశమందలి అనేక సంచారజాతులకు పుట్టుకతోనే దొంగముద్ర వేసినది. లంబాడీలలోను పెక్కుచోట్ల పలువురు ఆ ముద్రకు లోనైరి. ఆ ముద్ర చట్టరీత్యా 1952లో తొలగినది; జనుల నోటినుండి తొలగుటకు ఇంకను కాలము పట్టుచున్నది. వృత్తిపోయినవారు అడవి అంచులను, గట్టుల ప్రక్కలను తండాలు కట్టుకొని నిలిచిరి. ఇట్లు నిలిచి ఎన్నో తరములైనది. అయినను వారిని గూర్చి 'వచ్చినవారు' అనియే మనము చెప్పుచుందుము. ఎన్ని తరములు గడచిన పిదప వచ్చినవాడు ఉన్నవాడగునో చెప్పు శాస్త్రమేదియు మాకు కానరాలేదు.

ఇచట మా స్వంత దోషమొకటి చెప్పుకొనవలసియున్నది. మా చిన్ననాట ఒక లంబాడీ స్త్రీ మా యింటికి కట్టెలమోపు తెచ్చుచుండెడిది. వారమునకు రెండుమారులు, చాల యేండ్లు తెచ్చినది. మా యింట ఆమెకు అన్నము పెట్టెడివారు, పాతచీర ఇచ్చెడివారు, పండుగకు బెల్లము ఇచ్చెడివారు. దప్పికయనిన దోసిలిలో నీరు పోసెడివారు. చెంబు ఆమె చేతికి ఈయలేదు. మా యింటివారు కఠినులు కారు. ఆమె బిడ్డకు జ్వరమువచ్చినప్పుడు మా తల్లి మందు పంపినది. కాని మాలో ఒక్కరును ఆమె పేరు అడుగలేదు. మేము పెరిగి, చదివి, సమత్వమునుగూర్చి సభలలో మాటలాడినాము. నేటికిని ఆమె పేరు మాకు తెలియదు. ఇపుడు తెలిసికొనుటకు ఆమె లేదు.

దీనిలో లోపమేది? దయ లేకుండలేదు. అన్నమున్నది, గుడ్డయున్నది, మందున్నది. లేనిదేదియో కనుగొనుటకు మేము పెద్దల శాస్త్రమును ఆశ్రయించితిమి. పతంజలి యోగసూత్రములలో చిత్తము నిర్మలమగుటకు నాలుగు భావనలు చెప్పబడినవి. అందు దుఃఖములో నున్నవారియెడ కరుణయును, సుఖములో నున్నవారియెడ మైత్రియును ఉండవలెనని విభాగింపబడినది. చిన్ననాడు ఇది చదివినప్పుడు మాకు తలక్రిందుగా తోచినది. స్నేహితుడనగా కష్టమున ఆదుకొనువాడు కదా, సుఖములో నున్నవానికి మన మైత్రి ఏల యని అనుకొంటిమి. ఇప్పుడు దాని లోతు కొంత అర్థమగుచున్నది. కష్టములో నున్నవానిని చూచి జాలిపడుట అంత కష్టము కాదు. అందు మనము పైననే ఉందుము, వాడు క్రిందనే ఉండును. వాడు లేచి మనతో సమముగా నిలిచినప్పుడు, మనకన్న ఒక మెట్టు ఎక్కినప్పుడు, మన మనస్సు ఏమి చేయును? సంతోషించునా, మండునా? మైత్రికి పరీక్ష అచటనే.

కట్టెలమోపు తెచ్చిన తల్లియెడ మాకున్నది కరుణ. ఆమె మనుమరాలు నేడు బడిలో పంతులమ్మగానో, పంచాయతిలో సర్పంచిగానో ఉండవచ్చును. ఆమెయెడ మాకు మైత్రి కలదా? కలదని చెప్పుకొనుటకు ముందు గుండెమీద చేయివేసికొనవలెను.

ఇతరుల వలసనుగూర్చి ఇంత చెప్పినప్పుడు మన వలసనుగూర్చియు చెప్పుట న్యాయము. మన తెలుగువారు పరదేశములకు కూలికి బోయిన జాతియే. మారిషసు దీవిలో 1835లో బానిసత్వము రద్దయినది. చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 మొదలు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లవరకు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి చేర్పబడిరి. వారిలో కోరంగి రేవునుండియు, మన తీరమందలి ఇతర రేవులనుండియు ఓడలెక్కిన తెలుగువారు కొన్నివేలమంది. పోర్టులూయిసులో వారు దిగిన మెట్లు 'ఆప్రవాసీ ఘాట్' అను పేర నిలిచియున్నవి. 2006లో అవి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి.

ఆ దీవికే చీనాదేశమునుండి వేరొక జనము వచ్చినది. మొదట కాంటను ప్రాంతమువారును, పిదప హక్కాలును వచ్చిరి. 1842లోనే వారు పోర్టులూయిసున తమ దేవునికి గుడి కట్టుకొనిరి. పిదప వారు ఊరూరను, చెరకుతోటల ప్రక్కలను చిన్న చిన్న అంగళ్లు పెట్టుకొనిరి. తోటకూలీకి జీతము చేతికివచ్చువరకు బియ్యము, పప్పు, నూనె, ఉప్పుచేప కావలెను. చీనా అంగడివాడు ఒక చిన్న పుస్తకములో పద్దు వ్రాసికొని అరువిచ్చెడివాడు. వాని భాష కూలీకి రాదు, కూలీ భాష వానికి రాదు. ఇరువురును ఆ దీవి క్రియోలుభాషను నేర్చుకొని మాటలాడుకొనిరి. కొందరు అంగడివారు కూలీల భోజ్‌పురిని సైతము నేర్చిరి. ఒకే దీవిలో ఇరువురును పరదేశులే, ఇరువురిని తెచ్చినది ఆకలియే.

'ఇది వర్తకము కాని మైత్రి కాదు, అరువు వలన స్నేహము పుట్టునా' యని ఒకరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. అప్పుపుస్తకము సంకెలయు కాగలదు. కాని అరువులో ఒక విశేషమున్నది. దయచేత ఇచ్చువాడు తిరిగి రాదని ఇచ్చును. అరువిచ్చువాడు తిరిగి ఇచ్చునని నమ్మి ఇచ్చును. మొదటిది పుచ్చుకొనువాని పేదరికమును గుర్తించును; రెండవది వాని మాటను గుర్తించును. పద్దు వ్రాయుటకు పేరు అడుగక తప్పదు. మా యింట ఎన్నడును అడుగబడని పేరు ఆ చీనావాని పుస్తకములో మొదటి పుటమీద ఉండెను. ఈ ఒక్క సంగతి మమ్ము చాల దినములు బాధించినది.

ఆ దీవి 1968 మార్చి 12న స్వతంత్రమైనది. నేడు అచట చీనావారి వసంతోత్సవమునకును, తెలుగువారి ఉగాదికిని దేశమంతటికి సెలవు. జనసంఖ్యలో చీనావారు అతిస్వల్పులు. అయినను వారిలో పుట్టిన మొయిలిన్ జాన్ ఆ-చుయెన్ అను రాజకీయనాయకుని బొమ్మ ఆ దేశపు ఇరువదియైదు రూపాయల నోటుమీద నున్నది. ఇంత జరిగినదని ఆ దీవి స్వర్గమైనదని మేము చెప్పుటలేదు. 1999 ఫిబ్రవరిలో అచటను జాతికల్లోలములు చెలరేగినవి. కాని ఒక జనము పండుగను మరియొక జనము తన పంచాంగములో ఎక్కించుకొనుట చిన్నసంగతి కాదు. మన పంచాంగములో తండావారి తీజు ఎక్కినదా?

మారిషసు ఒక వైపు. బర్మా మరియొక వైపు. రంగూను రేవులో ఓడల సరకు దింపు కూలీలలో పెక్కుమంది మన తెలుగువారు. కోరంగీలని వారిని పిలిచెడివారు. 1930 మే నెలలో వారు కూలి పెంచుమని పని మానిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. పిదప తెలుగు కూలీలతో రాజీపడి బర్మీయులను తీసివేసిరి. అంత ఆ బీదవారును ఈ బీదవారును రేవులో ఒకరినొకరు పొడుచుకొనిరి. కల్లోలము నగరమంతట వ్యాపించినది. తెలుగువారు పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. కూలి ఎక్కువ ఈయక తప్పించుకొనజూచిన వారి ఇండ్లమీద ఒక రాయియు పడలేదు. పండ్రెండేండ్ల తరువాత జపానుదండు వచ్చినప్పుడు ఆ దేశమున వేరూననైతిమని తెలిసికొన్న భారతీయులు లక్షలకొలది కొండలు, అడవులు నడచి మరలివచ్చిరి. దారిలో రాలినవారి లెక్క సరిగా లేదు.

ఈ రెండు చరిత్రలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విషయము తేటపడును. పరదేశియు స్థానికుడును కలియుట వారివారి మంచితనముమీదనే ఆధారపడియుండదు. కోరంగివాడు చెడ్డవాడు కాడు, బర్మీయుడు చెడ్డవాడు కాడు. ఒకని ఆకలిని మరియొకని కూలి తగ్గించుటకు సాధనముగా వాడుకొన్న ఏర్పాటు చెడ్డది. అట్టి ఏర్పాటు ఉన్నచోట స్నేహమునుగూర్చి ఉపన్యాసములిచ్చుట, తడి నేలమీద నిప్పు రాజేయజూచుటయే.

ఇప్పుడు మరల తాండూరునకు వత్తము. తాండూరు బండ పేరు వినని యిల్లు తెలుగునాట అరుదు. నీలముగాను, పసుపుగాను నుండు ఆ సున్నపురాతి పలకలు మన నట్టిండ్లలో పరచుకొని, వేసవి మధ్యాహ్నములు వానిమీద పండుకొని చల్లదనము అనుభవించుచున్నాము. ఆ బండ గనినుండి మన యింటికి వచ్చులోగా ఎందరి చేతులు మారునో యోచింతుమా? గనిలో పలకను లేపువాడొకడు, కోయువాడొకడు, నునుపుచేయువాడొకడు. వారి ఊపిరితిత్తులలో పేరుకొను దుమ్ము మన గచ్చుమీద కానరాదు. గనులకును, చుట్టునున్న సిమెంటు కర్మాగారములకును పొరుగు రాష్ట్రములనుండి పనికి వచ్చువారున్నారు. 'వారు తక్కువకు వచ్చుచున్నారు, మనవారి కూలి పడిపోవుచున్నది' యను మాట అట్టి చోట్ల వినబడుచుండును. ఆ మాటలో బాధ నిజము. గురి మాత్రము తప్పు. తక్కువకు వచ్చువాడు తక్కువను కోరి రాడు. ఒకే పనికి ఒకే కూలి యను నియమమును నిలుపుటకు ఇరువురును కలిసి అడిగినచో, ఆ మాటకు చోటే ఉండదు. రంగూను పాఠము ఇదియే. దానికి మన తెలుగువారు నెత్తురుతో మూల్యమిచ్చినారు.

2020 మార్చినెలాఖరున మహమ్మారి భయముతో దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు పరదేశపు కూలీలు రోడ్లవెంట నడచుట చూచితిమి. మే నెల 1వ తేదీన వలసకూలీలకై వేయబడిన మొదటి రైలు లింగంపల్లినుండి జార్ఖండునందలి హతియాకు బయలుదేరినది. తాండూరు, వికారాబాదులు దాటి సికిందరాబాదునకు బోవు మార్గముమీదనే ఆ లింగంపల్లి యున్నది. ఆ దినములలో ఎందరో పుణ్యాత్ములు రోడ్డుప్రక్కల గంజి పోసిరి, చెప్పులు పంచిరి. అది కరుణ, దానికి నమస్కారము. కాని ఆ కూలీలు మనతో ఏండ్లతరబడి ఉన్నవారు. కష్టము రాగానే ఈ యూరు నన్ను విడువదని నమ్మి నిలువక, వేయి మైళ్ల దూరపు ఊరిని తలచుకొని వారేల నడచిరి? ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారు వారు కారు, మనము.

కలిసిపోవుట యనగా ఏమి? పెక్కురు దీనిని కరగిపోవుట యని అర్థము చేసికొనుచున్నారు. తండాబిడ్డ బడికి వచ్చి గోర్‌బోలీలో మాటలాడినచో 'తెలుగు మాటలాడుము, ఆ భాషయేమి' యని కసరు పంతుళ్లు ఉన్నారు. తెలుగు నేర్పుట వారి ధర్మమే. తెలుగు రానిదే ఆ బిడ్డకు ఈ దేశమున త్రోవ లేదు. కాని ఆ భాషకు లిపి లేదని చులకన చేయువారిని మేమొకటి అడుగుదుము. మారిషసులో నాలుగైదు తరములు గడచి, ఇంట క్రియోలు మాటలాడుచు, ఆదివారపు బడిలో కూడబలుకుకొని తెలుగు చదువు బిడ్డను చూచినప్పుడు మనకు కన్నులు చెమరించును గదా? అభిమానమని, జాతిగౌరవమని పొగడుదుము గదా? సముద్రమునకు ఆవల మన బిడ్డకు గుణమైనది, కాగ్నాకు ఈవల తండాబిడ్డకు దోషమెట్లయ్యెను? పరదేశమున మనము కోరునది ఏదియో, మన యూర పరదేశికి అదియే ఇచ్చుట పొరుగుధర్మము. ఇంతకన్న సులభమైన కొలబద్ద మాకు దొరకలేదు.

తాండూరు రైతు కందిని ఒంటిగా వేయుటయు కలదు, వేరొక పైరుతో సాలుమార్చి సాలుగా వేయుటయు కలదు. జొన్న ముందు కోతకు వచ్చును. కంది దాని నీడలో మెల్లగా పెరిగి, జొన్న పోయిన పిదప కొమ్మలు చాచును. దాని వేరు లోతు, దీని వేరు మీద. కంది జొన్న కాలేదని ఏ రైతును విసుగుకొనడు. రెండును ఒకే చేనిలో పండినందుకు సంతోషించును. మనుష్యులయెడ మాత్రము మన వ్యవసాయజ్ఞానము మనలను విడిచిపోవుచున్నది.

ఇంతవరకు చెప్పినది చదివి, 'ఇది ఒకవైపు వాదము, ముందున్నవారికి హక్కులు లేవా' యని ఒకరు అడుగవచ్చును. అడుగవలసినదే. 1976లో పార్లమెంటు చేసిన చట్టముచేత తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. సరిహద్దుకు ఆవల కర్ణాటకములో వారి బంధువులే షెడ్యూల్డు కులములలో లెక్కింపబడుచున్నారు. మహారాష్ట్రములో వేరొక పట్టికలోనున్నారు. ఒకే తల్లి బిడ్డలలో తాండూరున ఇల్లరికము వచ్చినవాడొకటి, సేడములో ఉన్నవాడు వేరొకటి. ఇది ఒక చిక్కు. దానికన్న లోతైనది గోండులు, కోయలు మొదలైన ఆదివాసుల బాధ. తమకు వచ్చు చదువులును, ఉద్యోగములును, తమ సీమలలోని భూములును సంఖ్యలో అధికులైన లంబాడీలకు పోవుచున్నవని వారు మొరపెట్టుచున్నారు. 2017లో ఆదిలాబాదు ప్రాంతమున ఈ వివాదము ఘర్షణలకు దారితీసినది.

ఈ బాధను అసూయ యని త్రోసివేయుట తప్పు. ఉన్నవాడు లేనివాని ఎదుగుదలకు మండుట అసూయ. లేనివాడు తన పాలు తనకు చేరలేదనుట న్యాయవాదము. రెంటికిని ఒకే పేరు పెట్టరాదు. అయితే ఇచటను రంగూను రేవు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక చిన్న రొట్టెను ఇద్దరు ఆకలిగొన్నవారి నడుమ విసరి, వారు పోరాడుచుండగా వీరిలో మైత్రి లేదే యని విచారించువారము మనము కాకూడదు. న్యాయమైన పంపకమునకు మార్గము వెదకుట రాజ్యాంగవేత్తల పని. వారిరువురి పోరును వేడుక చూడకుండుట మనందరి పని. స్నేహము పేరు చెప్పి న్యాయమును వాయిదా వేయుట, న్యాయము పేరు చెప్పి స్నేహమును తెంచుట, రెండును కూడనివే.

మరియొక పరీక్ష. 2018లో వచ్చిన పంచాయతీరాజు చట్టముచేత తెలంగాణములో అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతులైనవి. అంతవరకు తండా ఒక గ్రామమునకు తోకగా నుండెను. గ్రామము దీపము పెట్టించుకొన్న పిదప తండాకు దీపము. ప్రత్యేక పంచాయతి రాగానే 'ఇన్నాళ్లు కలిసియుండి ఇప్పుడు వేరుపడుచున్నారే' యని నిట్టూర్చినవారున్నారు. మాకును మొదట అట్లే తోచినది. విచారింపగా అది పొరబాటు. అన్నదమ్ములలో ఒకడు మరియొకని పంచలో ఉన్నంతకాలము పోట్లాటయు లేదు, సఖ్యమును లేదు. ఒకని మాటయే చెల్లుచుండును. ఎవరి గడప వారికి ఏర్పడిన పిదప ఒకరి యింటికి ఒకరు చుట్టములై పోవుదురు. స్నేహమునకు రెండు గడపలు కావలెను. తండాకు స్వంత గడప వచ్చుట మైత్రికి అంతము కాదు. అప్పుడే అది ఆరంభము కాగలదు. ఆ గడప తొక్కుటకు మనము సిద్ధమేనా యను దానిమీదనే తక్కిన సంగతి ఆధారపడియున్నది.

కష్టము తనంతట తానే కొన్ని పాఠములు నేర్పును. వికారాబాదు జిల్లాలోనే 2024లో మందుల పరిశ్రమకై భూసేకరణ తలపెట్టినప్పుడు లగచర్ల గ్రామమును, రోటిబండ తండాయు ఒక్కటే కలతకు లోనైనవి. ఆ నవంబరులో జరిగిన గొడవయు, అరెస్టులును, నెల ముగియులోపల ప్రభుత్వము ఆ ప్రకటనను ఉపసంహరించుటయు అందరెరిగినవే. వాని మంచిచెడ్డలు చర్చించుట ఇచట మా ఉద్దేశము కాదు. మేము గమనించినది ఒక్కటే: నేల పోవునను భయము వచ్చినప్పుడు ఊరిరైతు భయమునకును, తండారైతు భయమునకును భాషాభేదము లేదు. ఈ నేలను విడువలేనని ఏడ్చువానిని ఇక వచ్చినవాడని ఎట్లు పిలుతుము?

మైత్రిని ఎవ్వరును ఆజ్ఞచేత పుట్టింపలేరు. ఫలానివానిని ప్రేమింపుమని చట్టము చేసినను, గురువు చెప్పినను హృదయము వినదు. ఈ సత్యమును అడ్డుపెట్టుకొని కొందరు చేతులు ముడుచుకొని కూర్చుందురు. కాని పైరును మొలిపించుట రైతు చేతిలో లేకున్నను దున్నుట వాని చేతిలో ఉన్నది. మైత్రి మన చేతిలో లేకపోవచ్చును. దానికి అడ్డముగా మనమే పెట్టిన రాళ్లను తీయుట మన చేతిలో ఉన్నది. ఆ రాళ్లు పెద్దవియు కావు. మన యింటికి పనికి వచ్చువారి పేరు అడుగుట. దోసిలిలో పోయు నీటిని చెంబుతో చేతికి ఇచ్చుట. ఒకే పనికి ఒకే కూలి ఇచ్చుట. తెలుగు వచ్చినను రాకున్నను అద్దె ఇల్లు ఇచ్చుట. పొరుగువాని భాషలో పదిమాటలైనను నేర్చుకొనుట. శ్రావణమున తండాకన్నెలు తొమ్మిదిదినములు బుట్టలలో గోధుమమొలకలు పెంచి తీజు జరుపుకొనునప్పుడు, చూచి పోవువారివలె దూరమున నిలువక, పిలిచినచో చాపమీద కూర్చుండుట. వారి బిడ్డ మన బిడ్డకన్న ఎక్కువ మార్కులు తెచ్చుకొన్ననాడు మిఠాయి తీసికొనిపోయి మెచ్చుకొనుట. వీనిలో కడపటిదే కష్టమైనదని మా అనుభవము.

మా యింటికి కట్టెలు తెచ్చిన తల్లికి మేము చేయగలిగినది ఇక ఏమియు లేదు. ఆమె ఋణము ఆమెకు తీరదు. ఆమె జాతివారికిని, ఆమెవలె దూరమునుండి వచ్చి మన యూర నిలిచినవారికిని తీర్చవలసియున్నది. మొన్న ఒక దినమున మా వాకిట ఇటుకలు దింపుటకు వచ్చిన కూలీని మేము పేరడిగితిమి. వాడు మొదట భయపడెను. ఏదియో తప్పుపట్టి వ్రాసికొనుటకు అడుగుచున్నామని అనుకొనెను. పేరు అడుగుటకే భయపడునట్లు ఒక మనుష్యుని చేసిన ఊరు ఇంకను పొరుగుధర్మమున ఓనమాలు దిద్దుచున్నదనియే చెప్పవలెను. దిద్దుట మొదలుపెట్టినచో చదువు రాకపోదు.